రోడ్డు వెడల్పు గీత ఆఖర్న గీయాలి: విశాఖ వన్‌టౌన్‌కు పునరభివృద్ధి ప్రణాళిక వేసే పద్ధతి

పాతనగరం అభివృద్ధి అనగానే కాగితం మీద మొదట పడేది రోడ్డు వెడల్పు గీత. నిజానికి అది అన్నిటికన్నా ఆఖర్న పడాలి. విశాఖ పాతనగరమైన వన్‌టౌన్‌లోని కొత్తరోడ్డు, కురుపాం మార్కెట్, బురుజుపేట, పూర్ణా మార్కెట్, వెలంపేట, పాత పోస్టాఫీసు ప్రాంతాల్లో ఇరుకు ఒక్కటే సమస్య కాదు. సరుకు ఎక్కడ దిగుతోంది, వాన నీరు ఎటు పోతోంది, ఏ కొట్టు ఎవరి స్థలంలో ఉంది, రోడ్డు కింద ఏ పైపు ఉంది? ఈ నాలుగూ తేలకుండా గీసిన డ్రాయింగు పని మొదలైన నెలకే మార్చాల్సి వస్తుంది. ఇవి తేలాక గీస్తే చాలా వీధుల్లో గోడ కూల్చే అవసరమే రాదు.

వార్డు కార్పొరేటర్లు, వర్తక సంఘాలు, వీధి పెద్దలు, వార్డు సచివాలయాల్లో కొత్తగా చేరిన ప్లానింగ్ కార్యదర్శులు కలిసి ఈ పని చేసుకోవచ్చు. పెద్ద కన్సల్టెన్సీ వచ్చాక కూడా వాళ్ల చేతికి ఈ లెక్కలే ఇవ్వాలి.

హద్దు ఎక్కడ గీయాలి

వార్డు గీతను హద్దుగా పెట్టుకోవద్దు. అది చాలాసార్లు వీధి నడిమధ్య నుంచే పోతుంది. ఎడమ వైపు కాలువ ఒకరి లెక్కలో, కుడి వైపు కాలువ ఇంకొకరి లెక్కలో పడి, రెండూ ఒకే కల్వర్టులో కలిసే చోట ఎవరూ పట్టించుకోరు. నీరు పారే దారే సరైన హద్దు. ఎక్కడ పడిన వాన ఏ కాలువలోకి, ఏ గెడ్డ (వాగు)లోకి చేరుతుందో ఆ మేరంతా ఒక ముక్క. రాస్ హిల్, దర్గాకొండ, వెంకటేశ్వర కొండల వాలు మీది ఇళ్ల నీరు కూడా దిగువ వీధుల్లోకే దిగుతుంది కాబట్టి కొండవాలును వదిలేసి కింద వీధికి మాత్రమే ప్రణాళిక వేస్తే లెక్క తప్పుతుంది.

మొదటి విడతకు 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు చాలు. ఇంతకన్నా పెద్దది ఎత్తుకుంటే సర్వే నెలల తరబడి సాగి, పూర్తయ్యేసరికి మొదట రాసుకున్న వివరాలు పాతబడిపోతాయి.

నడిచి లెక్కపెట్టడం

టేపు పట్టుకుని ప్రతి 20 మీటర్లకూ వీధి వెడల్పు రెండు రకాలుగా కొలవాలి. ఒకటి గోడ నుంచి గోడకు. రెండోది నిజంగా నడవడానికీ బండి పోవడానికీ మిగిలిన వెడల్పు. మెట్లు, ర్యాంపులు, కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెలు, మూత లేని కాలువలు, కొట్టు ముందుకు జరిపిన బల్లలు, ఇవన్నీ ఈ రెండు కొలతల మధ్య తేడాలో ఉంటాయి. గోడకు గోడ 9 మీటర్లున్న వీధిలో వాడకానికి 4 మీటర్లే మిగిలితే, ముందు ఆ 5 మీటర్ల సంగతి చూడాలి.

మనుషుల్నీ బండ్లనీ కనీసం మూడు రోజులు లెక్కపెట్టండి: ఒక మామూలు పని రోజు, ఒక ఆదివారం, ఒక మార్గశిర గురువారం. కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి ఆ నెల గురువారాల్లో వచ్చే జనాన్ని లెక్కలోకి తీసుకోని ప్రణాళిక బురుజుపేటలో నిలవదు. రోజుకు మూడు వేళలు: తెల్లవారుజామున 4 నుంచి 7, మధ్యాహ్నం 11 నుంచి 1, సాయంత్రం 6 నుంచి 9. అధికారులు సాధారణంగా వచ్చేది పదకొండు గంటలకే. పూర్ణా మార్కెట్‌కు సరుకు దిగే వేళ వాళ్లకు కనబడదు. ఒక్కో చోట ఇద్దరు కూర్చుని ప్రతి 15 నిమిషాలకూ గీతలు పెట్టాలి. నడిచేవాళ్లు, తోపుడు బండ్లు, బైకులు, ప్యాసింజరు ఆటోలు, సరుకు ఆటోలు, కార్లు, లారీలు, అంబులెన్సులు వేరువేరు గడుల్లో ఉండాలి. కళాసీలు మూట దించే చోటు, ఒక్కో బండి ఎన్ని నిమిషాలు ఆగిందీ పక్కనే రాసుకోవాలి.

ఈ లెక్క చేతిలో ఉంటే ఏం చేయొచ్చో ఆ 9 మీటర్ల వీధినే తీసుకుని చూద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ఫుట్‌పాత్‌పై అడ్డంకులేమీ లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. కొట్లు కిక్కిరిసిన వీధుల్లో 2.5 మీటర్లు మేలు. రెండు వైపులా 1.8 వేస్తే 3.6 పోతుంది, 5.4 మిగులుతుంది. అందులో వన్‌వే దారికి 3.5 మీటర్లు ఇస్తే ఫైరింజను కూడా పోతుంది. మిగిలిన 1.9 మీటర్ల పట్టీలో పొద్దున సరుకు ఆటోలు, తర్వాత బైకులు నిలపొచ్చు. ఒక్క గోడా పోలేదు. వన్‌వే పెట్టాలంటే సమాంతరంగా వెనక్కి వచ్చే మరో వీధి ఉండాలి, దాన్ని ట్రాఫిక్ పోలీసులు ముందే ఒప్పుకోవాలి. ఈ రెండు షరతులూ తీరకుండా డ్రాయింగులో బాణం గుర్తు వేస్తే లాభం లేదు.

పార్కింగ్ విషయంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కార్ల కోసం సెల్లారు కట్టేద్దాం అంటారు. సెల్లారులో ఒక్కో కారుకు దారితో కలిపి 32 చదరపు మీటర్లు వేసుకోవాలి. వంద కార్లకు 3,200 చదరపు మీటర్లు, అంటే 3,800 గజాలకు పైమాటే. వన్‌టౌన్‌లో అంత స్థలం ఎక్కడ దొరుకుతుంది? పైగా ఇక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బైకు మీదో, ఆటోలోనో, బస్సులోనో వస్తారు. చేతికందే పరిష్కారం వేరే ఉంది. బైకు నిలిపే ఒక్కో గడి గంటకోసారి ఖాళీ అయితే పది గంటల వ్యాపారంలో పదిమంది కొనుగోలుదారులకు పనికొస్తుంది. అదే గడిలో కొట్టు యజమానో గుమాస్తానో పొద్దున బైకు పెట్టి రాత్రి తీస్తే ఆ పదిమందీ పోయినట్టే. కాబట్టి కొట్ల వాళ్ల బైకులకు కాస్త దూరంలో వేరే చోటు చూపడం మొదటి పని. ఇది వర్తక సంఘమే ముందుకొచ్చి ఒప్పించాల్సిన విషయం.

స్థలం ఎవరిది

ప్రతి స్థలానికీ టౌన్ సర్వే నంబరు, బ్లాకు నంబరు, ఇంటి నంబరు, పన్ను అసెస్‌మెంట్ నంబరు, వాడకం, అంతస్తులు, యజమాని, అద్దెదారు, అద్దెకున్న ఏళ్లు ఒకే వరసలో రాయాలి. పన్ను రసీదు ఉందని యాజమాన్యం ఉన్నట్టు కాదు, అది పన్ను కట్టినదానికి రుజువు మాత్రమే. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) కంప్యూటరులో 1983 నుంచే దొరుకుతుంది. వన్‌టౌన్ ఆస్తులు చాలావరకు అంతకన్నా పాతవి, తాతల నాటి పంపకాలవి. పాత పుస్తకాల్లో వెతికించిన ఈసీ సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి విడిగా అడగాలి.

దేవాదాయ, వక్ఫ్, చర్చి, సత్రం, పోర్టు స్థలాలను మ్యాపు మీద వేరే రంగుల్లో చూపండి. వీటిలో ఒక్కో దానికీ అనుమతి ఇచ్చేవాళ్లు వేరు. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితాలో ఉన్నవి ఏవో కూడా అప్పుడే చూసుకోవాలి. సముద్రానికీ హార్బరుకూ దగ్గరున్న వీధులకు సీఆర్‌జెడ్ (తీరప్రాంత కట్టడాల నియంత్రణ) వర్తిస్తుందేమో వీఎంఆర్‌డీఏ (విశాఖ మెట్రో ప్రాంత అభివృద్ధి సంస్థ) 2041 మాస్టర్ ప్లాన్ మ్యాపుతో సరిపోల్చుకోవాలి. ఎత్తైన కట్టడమైతే విమానాశ్రయం నౌకాదళానిది కనుక ఎత్తు అనుమతి కావాలి. మెట్రో ప్రతిపాదనల్లో గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు దాకా ఒక కారిడార్ ఉంది. దాని స్తంభాలు, స్టేషన్ మెట్లు ఎక్కడ దిగుతాయో అడక్కుండా ఆ దారిలో కొత్త ఫుట్‌పాత్ వేస్తే రేపు దాన్నే తవ్వుతారు.

రోడ్డు కింద

అంచనాలు తలకిందులయ్యేది ఇక్కడే. పాత వీధుల్లో మంచినీటి పైపు, యూజీడీ (భూగర్భ మురుగు పైపు), కేబుళ్లు ఎక్కడున్నాయో చూపే మ్యాపులు నేల మీది వాస్తవంతో కలవవు. ప్రతి 50 మీటర్లకూ, ప్రతి కూడలిలోనూ వీధికి అడ్డంగా ఒక పరీక్ష గొయ్యి తవ్వించాలి. మీటరు వెడల్పు, మీటరున్నర లోతు, అదీ చేత్తో తవ్వాలి, జేసీబీతో వద్దు. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత నగరంలో చాలా చోట్ల విద్యుత్ కేబుళ్లు భూమిలోకి వెళ్లాయి. 11 కేవీ కేబులు మామూలుగా 0.9 మీటరు లోతులో ఉంటుంది. తర్వాత రోడ్డు తవ్విన చోట అంత లోతు మిగిలి ఉండకపోవచ్చు. విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్ మనిషి పక్కన లేకుండా గునపం దించొద్దు.

వాన నీటి లెక్క చేతిలెక్కే. 10 హెక్టార్ల మేర గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 90 శాతం పారితే సెకనుకు 1,250 లీటర్లు వస్తాయి. 60 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతున్న కాలువ నిండా సెకనుకు 1.2 మీటర్ల వేగంతో పారినా 430 లీటర్లే మోస్తుంది. అలాంటివి మూడు కావాలి. సగం పూడిక ఉంటే మూడూ చాలవు. హార్బరు వైపు కలిసే చోట సముద్రం పోటు మీద ఉంటే నీరు వెనక్కి తంతుంది కాబట్టి పోటు వేళ వాన పడినప్పుడు నీరు ఎంతవరకు నిలుస్తుందో గోడల మీద గుర్తు పెట్టుకున్న పాత కొట్ల వాళ్లను అడిగి ఆ ఎత్తులు రాసుకోవాలి. ఇంతకన్నా నమ్మకమైన రికార్డు ఇంకెక్కడా దొరకదు.

కొట్లలోకి నీరు రావడానికి ఇంకో కారణం రోడ్డే. పాత తారు గీకకుండా దాని మీదే 50 మిల్లీమీటర్ల పొర వేస్తూ పోతే నాలుగు విడతల్లో రోడ్డు 20 సెంటీమీటర్లు లేస్తుంది. ఒకప్పుడు ఎత్తున ఉన్న గడప రోడ్డుకన్నా పల్లమైపోతుంది. ఆ తర్వాత యజమాని ర్యాంపు కడతాడు, ర్యాంపు కాలువను మూస్తుంది. అందుకే అంచనాలో ప్రతి కొట్టు గడప ఎత్తు, రోడ్డు మధ్య ఎత్తు పక్కపక్కన ఉండాలి. పాత పొర గీకి తీసేశాకే కొత్తది వేయాలన్న షరతు టెండరులో రాయించాలి.

మార్కెట్, తోపుడు బండ్లు

కూల్చడానికి ముందు తాత్కాలిక మార్కెట్ కట్టి, అది నడుస్తోందని చూసుకోవాలి. తాత్కాలిక షెడ్లు పాత మార్కెట్‌కు 300 మీటర్ల లోపు ఉండకపోతే కొనేవాళ్లు రారు. కొనేవాళ్లు రాకపోతే అమ్మేవాళ్లు పదిరోజుల్లో మళ్లీ రోడ్డెక్కుతారు. నీళ్ల కుళాయి, మరుగుదొడ్డి, దీపాలు, సరుకు దించే చోటు మొదటి రోజు నుంచీ ఉండాలి. చేపలు, మాంసం అమ్మే వరసలకు వేరే కాలువ, రోజూ కడగడానికి నీళ్లు కావాలి.

ప్రతి వ్యాపారికీ కూల్చివేతకు ముందే రాతపూర్వక కేటాయింపు పత్రం అందాలి. అందులో ఫొటో, పాత కొట్టు కొలత, కొత్త కొట్టు కొలత, అంతస్తు, నెల అద్దె, అప్పగించే గడువు ఉండాలి. కూరగాయలు పై అంతస్తు ఎక్కవు. మెట్లెక్కి వంకాయలు కొనేవాళ్లు ఉండరు. కింది అంతస్తును పెద్ద షోరూములకిచ్చి, చిల్లర వ్యాపారుల్ని పైకి పంపే నమూనాను ప్రైవేటు భాగస్వామ్యం పేరుతో ఎవరు తెచ్చినా ఒప్పుకోకూడదు. లెక్క కుదరడంలేదంటే పై అంతస్తుల్ని కార్యాలయాలకో గోదాములకో ఇచ్చి కుదుర్చుకోవాలి.

తోపుడు బండ్లకు 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే చేసి ధ్రువపత్రాలు ఇవ్వనిదే ఎవరినీ తొలగించకూడదు. తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న వ్యాపారులు ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. మన డ్రాయింగులో ప్రతి బండికీ నంబరు, చోటు చూపించి ఆ కమిటీ ముందు పెట్టాలి. బండ్ల వాళ్లు ఆశీలు (మార్కెట్ రుసుము) కట్టిన రసీదులు పారేయకుండా దాచుకోవాలి. ఎన్నేళ్లుగా అక్కడ వ్యాపారం చేస్తున్నారో చెప్పడానికి అవే పనికొస్తాయి. ప్రణాళికకు ముందు రాత్రికి రాత్రి బండ్లు తీయించడం తప్పు, చట్టవిరుద్ధం కూడా. కోర్టు స్టే వస్తే మొత్తం పని ఆగుతుంది.

ఇక గీత తప్పదనుకుంటే

అన్నీ చూశాక కూడా కొన్ని మలుపులు, కొన్ని ముక్కలు వెడల్పు చేయాల్సి రావచ్చు. అప్పుడు మొత్తం వీధికి ఒకే వెడల్పు పట్టుబట్టకుండా ఇరుకైన చోట్లే గుర్తించాలి.

స్థలం ఇచ్చేవారికి దారులు రెండు. 2013 భూసేకరణ చట్టం కింద అయితే పట్టణంలో మార్కెట్ విలువకూ, కట్టడం విలువకూ కలిపి అంతే మొత్తం సొలేషియం (బలవంతపు సేకరణకు అదనపు పరిహారం) వస్తుంది. మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం. భూసేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే బతుకుతెరువు ఉన్న అద్దెదారు కూడా ఆ చట్టం దృష్టిలో బాధిత కుటుంబమే. రెండో దారి టీడీఆర్ బాండు, అంటే స్థలానికి డబ్బు బదులు ఇచ్చే, అదనంగా కట్టుకునే హక్కు పత్రం. అది యజమాని పేరు మీదే వస్తుంది, నలభై ఏళ్లుగా కొట్టు నడుపుతున్న అద్దెదారుకు పైసా రాదు. పైగా వన్‌టౌన్‌లో చిన్న స్థలాల వాళ్లు దాన్ని తమ స్థలంలో వాడుకోలేరు, అమ్ముకోవాలి. ఒకేసారి ఎక్కువ బాండ్లు విడుదలైతే ధర పడిపోతుంది. అందువల్ల సంతకం పెట్టే ముందు ఎన్ని గజాలకు ఏ నిష్పత్తిలో బాండు ఇస్తారో, మిగిలిన ముక్కలో కట్టుకోవడానికి సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) సడలింపు ఎంతో రాతలో తీసుకోవాలి.

ముందు భాగం మూడు మీటర్లు కోసేస్తే వెనక భాగం నిలుస్తుందనుకోవద్దు. దూలం మధ్యలో తెగితే స్లాబు బరువు మోసేదేమీ ఉండదు. స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి కొత్త స్తంభాలు ఎక్కడ పడాలో చెప్పి, అవి పూర్తయ్యాకే కోత మొదలవ్వాలి. ఆ ఖర్చును కూడా పరిహారంలో అడగాలి.

కాగితాల దారి

రోడ్డు వెడల్పు ప్రతిపాదన ఆర్డీపీ (రోడ్డు అభివృద్ధి ప్రణాళిక) స్కెచ్ రూపంలో నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ విభాగం నుంచి స్టాండింగ్ కమిటీ, కౌన్సిల్ అజెండాల్లోకి వస్తుంది. అజెండా బయటికొచ్చాక సమయం చాలా తక్కువ. భూమి వాడకం మార్పు లాంటి ప్రకటనలకు అభ్యంతరాల గడువు పదిహేను రోజులే ఉండొచ్చు. కాబట్టి సమాచార హక్కు దరఖాస్తు ముందే వేసుకోవాలి. రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. «అన్ని వివరాలూ ఇవ్వండి» అని రాస్తే ఏమీ రాదు. అడగాల్సినవి ఇవి: టౌన్ సర్వే నంబర్లతో సహా ఆర్డీపీ స్కెచ్, ప్రభావిత ఆస్తుల జాబితా, అంచనా పత్రం, టౌన్ వెండింగ్ కమిటీ చివరి మూడు సమావేశాల మినిట్స్.

అభ్యంతరం ఒక్కో విషయానికి ఒక్కో కాగితం మీద రాయండి. వంద మంది ఒకే జిరాక్సు మీద సంతకాలు పెడితే అధికారి దాన్ని ఒకే అభ్యంతరంగా తీసుకుని ఒక్క వాక్యంలో తేల్చేసే అవకాశం ఉంది. మాట ఇలా ఉండొచ్చు:

«టౌన్ సర్వే నంబరు ఫలానా దగ్గర ప్రతిపాదిత వెడల్పు 12 మీటర్లు. మేము ఫలానా తేదీల్లో చేసిన లెక్క ప్రకారం ఇక్కడ అడ్డంకులు తొలగిస్తే 9 మీటర్లలో రెండు ఫుట్‌పాత్‌లు, ఒక వన్‌వే దారి, సరుకు దించే పట్టీ సరిపోతాయి. కొలతల పట్టిక, స్కెచ్ జతచేశాం. వెడల్పు ఎందుకు తప్పనిసరో కారణాలు రాతపూర్వకంగా తెలియజేయగలరు.»

రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. సోమవారం ఫిర్యాదుల వేదికలో ఇస్తే నంబరు కూడా వస్తుంది. నిధులు కావాలంటే మార్చి బడ్జెట్‌కు ముందే, డిసెంబరు నాటికి అంచనా జోనల్ కార్యాలయానికి చేరాలి.

పని వరస, కాలం

ముందు భూగర్భ పైపులు, తర్వాత కాలువలు, ఆ తర్వాత కేబుల్ గొట్టాలు, ఫుట్‌పాత్, అన్నీ అయ్యాక తారు. ఈ వరస తప్పిన ప్రతిసారీ డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది. భవిష్యత్తు కేబుళ్ల కోసం ప్రతి కూడలిలో రోడ్డుకు అడ్డంగా రెండు మూడు ఖాళీ గొట్టాలు వేసి మూతలు పెట్టి ఉంచితే తర్వాత ఎవరూ తవ్వరు.

తవ్వకాలు సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి జూన్ లోపు మూసేయాలి. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్ల కాలం, మార్గశిరం జనం వచ్చే కాలం. కురుపాం మార్కెట్ బంగారం కొట్లకు వేసవి పెళ్లిళ్ల సీజను ముఖ్యం కనుక ఆ వీధుల్లో ఒకేసారి 100 మీటర్లకు మించి తవ్వకూడదు. ఫిషింగ్ హార్బరు వైపు దారులకు మాత్రం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే చేపల వేట నిషేధం మంచి అదను. ఐసు లారీలు, చేపల లారీలు తగ్గుతాయి. కేజీహెచ్ ఆసుపత్రి వైపు పోయే సమాంతర దారులు రెండూ ఒకేరోజు మూయకూడదు.

ఉప్పుగాలి సంగతి స్పెసిఫికేషన్లలోనే రాయాలి. కోస్తా వాతావరణానికి కాంక్రీటు కనీసం ఎం30 గ్రేడు, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు. సముద్రపు తుంపర తగిలే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. కవరు తగ్గితే కాలువ మూతల్లో కమ్మీ తుప్పు పట్టి ఉబ్బి పెచ్చులూడతాయి. లైటు స్తంభాలకు రంగు చాలదు, హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసే పూత) కావాలి. ర్యాంపుల వాలు 12 మీటర్ల పొడవుకు 1 మీటరు ఎత్తు మించకూడదు.

బిల్లు చెల్లించేముందు ఒక ట్యాంకరు నీళ్లు తెప్పించి వీధి ఎగువన వదలండి. నీరు ఎక్కడైనా నిలిస్తే అక్కడ సున్నంతో గుర్తు గీసి ఫొటో తీసి, సరిచేయించాకే సంతకం పెట్టాలి. భూమిలో ఏ పైపు ఎంత లోతున వేశారో చూపే తుది డ్రాయింగు ఒక ప్రతి వార్డు సచివాలయంలోనూ, ఇంకో ప్రతి వర్తక సంఘం దగ్గరా ఉంచాలి.